మారే ప్రకృతి - మనగలిగే జీవి

ప్రకృతిలో మార్పు చెందనిది లేదు. ఎండ, వాన, చలి, నేలలోని తేమ నిరంతరం మారుతూనే ఉంటాయి. ఆ మార్పుకు తగిన శరీర నిర్మాణం, నడవడి కలిగిన జీవియే మనగలుగుతుంది. ఈ గుణాన్నే శాస్త్రజ్ఞులు అనుకూలనం అన్నారు. ఉదాహరణల కొరకు దూరదేశాలకు పోనక్కరలేదు. కాకతీయుల కాలపు శివాలయాలతో పేరుగన్న మన కుసుమంచి పరిసరాలలో, పాలేరు జలాశయం మొదలు భద్రాచలం అడవుల వరకు, అవి కావలసినన్ని కలవు.

ఈ ప్రాంతానికి ఋతువే ప్రాణం. ఉర్దూలో మనం 'మౌసమ్' అనే మాటకు, ఆంగ్లంలోని 'మాన్సూన్'కు మూలం ఒక్కటే, అరబ్బీ 'మౌసిమ్'. ఏటి వానలో అధికభాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే కురుస్తుంది. తక్కిన నెలలు ఆ తడితోనే గడవాలి. ఇక్కడి జీవుల నిర్మాణంలో ఈ లెక్క స్పష్టంగా కనబడుతుంది.

చెట్టు చోటు విడిచి పోలేదు. టేకు ఆకు విశాలమైనది; దాని పత్రరంధ్రాల గుండా నీరు ఆవిరైపోతుంది. అందుచేత వేసవి ముదరకముందే ఆ చెట్టు ఆకులు రాల్చి నీటిని పొదుపు చేసుకుంటుంది. మోదుగ ఆకులులేని కొమ్మలపై ఎర్రని పూలు పూస్తుంది. ఆ పూలు దూరానికే పక్షుల కంటబడి, పరాగసంపర్కం జరుగుతుంది. వానల నాటికి విత్తనాలు సిద్ధమవుతాయి. తునికి వేళ్లు లోతుకు దిగుతాయి. అందుకే మండుటెండలలోనూ అది లేత ఆకు తొడుగుతుంది.

చెరువులలోని కొర్రమట్టకు మొప్పలతోపాటు, గాలి పీల్చుకొనే ప్రత్యేక అవయవం తలలో ఉంది. నీరు ఇంకినప్పుడు అది తడి బురదలో దాగి కొంతకాలం బ్రతుకుతుంది. కప్ప మట్టిలో చేరి, శరీరక్రియలను మందగింపజేసి, తొలకరి వరకు గ్రీష్మకాల సుప్తావస్థలో ఉంటుంది.

'ఎండలు ముదిరితే మాత్రమేమి, జీవులు అలవాటుపడవా?' అని విద్యార్థులు మమ్ము తరచు అడుగుతారు. ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడాలి. ఒకటి, ఒక్క జీవి తన జీవితకాలంలో చేసుకొనే సర్దుబాటు. ఏప్రిల్, మే నెలలలో తునికాకు కోసేవారి శరీరం ఒకటి రెండు వారాలలో ఎండకు కొంత అలవాటుపడుతుంది. చెమట త్వరగా, అధికంగా పడుతుంది. అందులో ఉప్పు తగ్గుతుంది. కాని దీనికి హద్దు కలదు. గాలిలో తేమ మిక్కుటమైతే చెమట ఆరదు, శరీరం చల్లబడదు. ఎంతటి అలవాటు ఉన్నవారికైనా అప్పుడు వడదెబ్బ తప్పకపోవచ్చు.

రెండవది తరాల మీద జరిగే మార్పు. డార్విన్ 1859లో వివరించిన ప్రకృతివరణం ఇదే. ఇంగ్లండులో బొగ్గుమసితో చెట్లు నల్లబడిన కాలంలో, లేతరంగు చిమ్మటలు పక్షుల కంటబడి నశించగా, అదే జాతిలోని నల్లనివి మిగిలి వృద్ధి చెందాయి. 1956 నాటి చట్టం తరువాత గాలి శుభ్రపడగా, లేతరంగువి మరల పెరిగాయి. ఏ చిమ్మటా తన రంగు తాను మార్చుకోలేదు. తగినది మిగిలింది, తగనిది పోయింది. ఏటికొక తరం గడిచే చిమ్మటకు ఇది సాధ్యమయింది. దశాబ్దాలు నిలిచే టేకుకు అంత వేగం ఎక్కడిది?

పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగంతో పోల్చితే భూగోళపు సగటు ఉష్ణోగ్రత నేటికి ఒక డిగ్రీ సెంటిగ్రేడుకు పైగా పెరిగింది. అనుకూలనానికి కావలసినది కాలం. మార్పు వేగం ఆ కాలాన్నే హరిస్తున్నది. కనుక జీవులే సర్దుకుంటాయని చేతులు ముడుచుకొనరాదు. చెరువు పూడ్చితే కొర్రమట్ట దాగే బురద ఉండదు. అడవి నరికితే విత్తనం పడే నీడ ఉండదు. తునికాకు పని మొదలైన తొలివారం ఎండలో గడిపే వేళ తగ్గించి, త్రాగునీరు, నీడ కల్పించిననాడే శరీరానికి అలవాటుపడే వ్యవధి దొరుకుతుంది. ఈ మాట ముందుగా మన ఇండ్లలో చెప్పవలసినవారు విద్యార్థులే.