కందకుర్తి మట్టి చెప్పే వానల చరిత్ర



"వేల ఏళ్ల కిందట వానలెట్ల పడ్డయో ఎవరు చూసిండ్రు సార్?" అని ప్రతి సంవత్సరం క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన దేశంలో వాతావరణ శాఖ ఏర్పడిందే 1875లో. వేల సంవత్సరాల కిందటి వానలను కొలిచి రాసిపెట్టిన లెక్కలేవీ మనకు లేవు. అయినా చూసినవారు లేని కేసులో పోలీసులు ఆనవాళ్లు వెతకరా? శాస్త్రజ్ఞులు చేసేదీ అదే.

అంటార్కిటికాలో పొరలు పొరలుగా పేరుకున్న మంచులో పాతకాలపు గాలి బుడగలు చిక్కుకొని ఉన్నాయి. వాటి సాయంతో ఎనిమిది లక్షల ఏళ్ల వెనకటి గాలి ఎలా ఉండేదో తెలుసుకున్నారు. మన దగ్గర అలాంటి మంచు లేదు. కాని మట్టి ఉంది!

ఈ మాట చెప్పడానికే ఒకసారి విద్యార్థులను కందకుర్తికి తీసుకువెళ్లాను. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది అక్కడే. మంజీర, హరిద్ర కలిసే త్రివేణి సంగమం అది. పుష్కర స్నానాలకు పోయినవారే మనలో ఎక్కువ. ఆ నీటి రంగును నిలబడి చూసినవారు తక్కువ. వానకాలంలో వచ్చే ఆ బురద నీరు ఎగువన మహారాష్ట్రలోని నల్లరేగడి నేలలను, ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి లావా రాళ్లను కోసుకొని వస్తుంది. మట్టితో పాటు ఆకులు, గడ్డి కుళ్లి మిగిలిన పదార్థం కూడా కొట్టుకొస్తుంది. శతాబ్దాల తరబడి అదంతా బంగాళాఖాతంలో చేరి, అడుగున పొర మీద పొరగా పడుకుంది. కింది పొర పాతది, పై పొర కొత్తది. చదవడం వస్తే అదొక పుస్తకమే.

2006లో సహజవాయు హైడ్రేట్ల అన్వేషణకు వచ్చిన జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ, గోదావరి ముఖద్వారానికి ఎదురుగా సుమారు 1,270 మీటర్ల లోతు నీటి కింద గొట్టం దింపి, ఆ మట్టిని చెదరకుండా బయటికి తీసింది. కామిలో పాంటన్, లివియు జియోసాన్ తదితరులు దాన్ని పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ఏ పొర ఏ కాలానిదో అందులోని సూక్ష్మజీవుల గవ్వల్లో మిగిలిన కర్బనం-14 చెబుతుంది. ఇక ఆ కాలంలో నేల మీద ఏ మొక్కలుండేవి? దానికి ఆకు మీది మైనం సాక్షి. తామరాకు మీద నీటిబొట్టు జారిపోవడం చూశారు కదా! అలాంటి మైనం పూత ప్రతి ఆకు మీదా కొంత ఉంటుంది. ఆకు కుళ్లినా అది వేల ఏళ్లు నిలుస్తుంది.

మొక్కలు గాలి నుంచి కర్బనాన్ని తీసుకొనే పద్ధతులు ముఖ్యంగా రెండు. చెట్లు, వరి సి-3 తరగతి. జొన్న, మొక్కజొన్న, ఎండ నేలల్లో పెరిగే చాలా రకాల గడ్డి సి-4 తరగతి. బరువైన కర్బనం-13 పాలు మొదటి తరగతిలో తక్కువ, రెండవ తరగతిలో ఎక్కువ. ఆ తేడా మైనంలోనూ కనబడుతుంది. గోదావరి మట్టిలో సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి వరకు, పొడి నేలలకు అలవాటు పడ్డ మొక్కల గుర్తు క్రమంగా పెరిగింది. ఆ తర్వాత అలాగే నిలిచింది. కనుక నేల ఎండుతూ వచ్చిందన్నమాట!

ఇంతవరకు చెప్పి గర్వంగా ఆగాను. బోధన్ దగ్గరి ఒక చెరకు రైతు బిడ్డ లేచాడు. "సార్, మా చెరకు ఏ తరగతి?" సి-4 అన్నాను. "చెరకంత నీళ్లు తాగే పంట ఇంకోటి లేదు గదా సార్! రేపు మా మట్టి చూసి ఇక్కడ కరువుండె అంటరా?" అందరూ నవ్వారు. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 చివర మూతపడేదాకా షక్కర్‌నగర్‌కు బండ్ల కొద్దీ చెరకు తోలిన ఇంటి పిల్లవాడు. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను.

ఇంటికి వచ్చి మళ్లీ చదివాను. అతని అనుమానం సరైనదే. మైనం మొక్క తరగతిని చెబుతుంది గాని, దానికి నీరు ఎవరు పెట్టారో చెప్పదు. ఆ వేల ఏళ్లలోనే దక్కనులో వ్యవసాయం కూడా పెరిగింది. అడవి నరికి జొన్న వేసినా సి-4 గుర్తే పెరుగుతుంది. కాబట్టి ఒక్క సాక్షి చాలడు.

రెండవ సాక్షి అదే మట్టిలో ఉంది. సముద్రంలో తేలుతూ బతికే ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవులు చనిపోయాక వాటి గవ్వలు అడుగుకు చేరతాయి. వానలు బాగా పడి నదులు నిండుగా పారితే సముద్రపు పైనీటిలో ఉప్పు తగ్గుతుంది. బరువైన ఆక్సిజన్-18 కూడా తగ్గుతుంది. వానలు తప్పితే రెండూ పెరుగుతాయి. సముద్రపు వేడిని కూడా లెక్కలోకి తీసుకొని ఆ గవ్వలను చదవాలి. గత 3,000 ఏళ్లలో, ముఖ్యంగా 1,700 ఏళ్ల కిందటి తర్వాత, బంగాళాఖాతంలో ఉప్పదనం మునుపెన్నడూ లేనంతగా పెరిగిన సందర్భాలు అందులో కనబడ్డాయి. గవ్వకు జొన్న తెలియదు, చెరకు తెలియదు. ఇద్దరు సాక్షులూ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే వైపు చూపిస్తున్నారు గనుకనే, నేల ఎండిందన్న మాటకు బలం వచ్చింది. ఆ ఎండుదలలో మనిషి గొడ్డలి పాలెంత అన్నది మాత్రం మైనం ఒక్కటే తేల్చలేదు.

ఇంకొక మాట. కందకుర్తి దాటిన మట్టి ఇప్పుడు మునుపటిలా సముద్రానికి పోవడం లేదు. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్‌ను 112 టీఎంసీల నిల్వకు రూపొందించారు. 1994 సర్వే నాటికే పూడిక వల్ల అది సుమారు 90కి తగ్గింది. ఎగువ రైతు పొలంలోని మట్టి, మన ఆయకట్టు రైతు నీటి చోటును తింటున్నది. రేపటి శాస్త్రజ్ఞుడు మన కాలపు పేజీల కోసం సముద్రంలో కాక పోచంపాడు పూడికలో వెతకవలసి రావచ్చు. అందులో సి-4 గుర్తు చాలానే దొరుకుతుంది. అది కరువు గుర్తా, కాలువ నీళ్లతో పండిన చెరకు గుర్తా అని అతను ఆగి ఆలోచించాలి.

ఆ విద్యార్థి ఇప్పుడెక్కడ ఉన్నాడో తెలియదు. ఈ సంచిక అతని చేతికి చేరితే, ఆ రోజు సంగమం ఒడ్డున బాకీపడ్డ జవాబు ఇదే.