ఏడ్చిన మగవాడికి మరణశిక్ష

మా మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దుకున్నవారు ఈ పుటలు చదివే ఇళ్ళలో ఎందరో వుంటారు. పలకకు ఒక సుగుణం వుంది. తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచెయ్యవచ్చు. కాని తప్పులతోపాటు ఒప్పులను కూడా తుడిచెయ్యడం మొదలుపెడితే? "కన్నీరు", "వాత్సల్యం" వంటి మాటలను ఒక్కొక్కటిగా మనుషుల మనసుల్లోంచే తుడిచేస్తే?

అటువంటి నగరం ఒకటి వుంది. పేరు ఆల్ఫావిల్. కంగారుపడకండి, అది సినిమాలోని వూరు. ఫ్రెంచి దర్శకుడు జాఁ-లూక్ గోడార్ 1965లో ఆ పేరుతోనే తీసిన చిత్రం అది. ఆ వూరిని ఏలేది రాజు కాదు, ఆల్ఫా 60 అనే కంప్యూటరు. ప్రతి హోటలు గదిలోనూ ఒక నిఘంటువు వుంటుంది. అందులోంచి మాటలు మాయమవుతూ వుంటాయి. మాట పోయాక దాని వెనకనున్న భావమూ పోతుంది. తెలుగు పాఠం చెప్పుకు బతికే నాబోటివాడికి ఇంతకన్నా పీడకల ఏముంటుంది?

భవిష్యత్తును చూపాలంటే లక్షలు పోసి సెట్టింగులు వెయ్యాలని మనం అనుకుంటాం. గోడార్ ఆ జోలికే పోలేదు. ఆనాటి పారిస్‌లో కొత్తగా లేచిన గాజుగోడల మేడలను, హోటలు వసారాలను, వీధిదీపాలను ఛాయాగ్రాహకుడు రౌల్ కుతార్ చేత నలుపు తెలుపుల్లో తీయించాడు. కథానాయకుడు మరో లోకం నుంచి వచ్చేది కూడా రాకెట్టులో కాదు, మామూలు ఫోర్డు కారులో! ఇంత పొదుపుగా తీసిన ఈ చిత్రానికే 1965 బెర్లిన్ చలనచిత్రోత్సవంలో బంగారు ఎలుగుబంటి బహుమతి వచ్చింది.

ఇక కథానాయకుడు లెమ్మీ కాషన్. పొడుగు కోటు, టోపీ, జేబులో పిస్తోలు. ముందు పేల్చి తరవాత ప్రశ్నించే రకం. ఇంగ్లీషు రచయిత పీటర్ చైనీ సృష్టించిన ఈ అపరాధ పరిశోధకుడి పాత్రను ఎడ్డీ కాన్‌స్టంటైన్ అంతకు ముందే ఎన్నో ఫ్రెంచి చిత్రాల్లో ధరించాడు. ప్రేక్షకులకు అతడంటే మగతనానికి అచ్చుపోసిన బొమ్మ. గోడార్ ఆ బొమ్మనే తీసుకువెళ్ళి ఆల్ఫావిల్ మధ్యన నిలబెట్టాడు.

అక్కడ అతడొక దృశ్యం చూస్తాడు. ఈతకొలను ఒడ్డున వరసగా మగవాళ్ళను నిలబెట్టి కాల్చేస్తున్నారు. ఒకడు చేసిన నేరమేమిటో తెలుసా? భార్య పోతే ఏడవడం! తర్కానికి అందని పని చేశాడు గనక బతకడానికి తగడు. ఇంత కరకు మనిషి లెమ్మీ కూడా ఆ లోకంలో మెత్తనివాడుగా తేలతాడు. చివరకు ఆ యంత్రాన్ని చిత్తు చేసేది కూడా ఒట్టి పిస్తోలు కాదు. దానికి అంతుబట్టని ఒక పొడుపుకథ. నతాషా అనే యువతిని, అంటే నటి అన్నా కరీనాను, మేల్కొలిపేది పాల్ ఎల్యువార్ కవితల పుస్తకం. ప్రేమించడమనే మాటను ఆమె తడుముకుంటూ కూడబలుక్కోవడంతో చిత్రం ముగుస్తుంది.

లోపం లేదనను. "ఆ మాట నేర్పడానికి కూడా మగవాడే రావాలా, సార్?" అని మా విద్యార్థిని ఒకతె అడిగింది. నాకు సమాధానం తోచలేదు. చిత్రంలోని ఆడవాళ్ళు చాలామంది ఆటబొమ్మలే మరి.

మన డిటెక్టివుల మాటేమిటి? కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్‌ను చదివి పెరిగిన తెలుగువారు 1966లో "గూఢచారి 116"లో కృష్ణగారి సాహసాలు చూసి మురిసిపోయారు. 1986లో జంధ్యాల, మల్లాది వెంకట కృష్ణమూర్తిగారి నవల ఆధారంగా "చంటబ్బాయ్" తీసి, చిరంజీవి వంటి వీరుణ్ణే నవ్వులపాలయ్యే డిటెక్టివుగా చూపాడు. ఇక 2019లో చిన్న ఖర్చుతో వచ్చిన "ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ"లో మన పొరుగునున్న నెల్లూరి డిటెక్టివు, పోయిన తల్లి కోసం కుమిలిపోతాడు. కరకుదనం నుంచి కన్నీటి దాకా రావడానికి మన పరిశోధకుడికి యాభై యేళ్ళకు పైగా పట్టింది.

మన ఇళ్ళకు ఇంకెంత కాలం పడుతుందో! పోయిన యేడు మా నాయన కాలం చేశాడు. పదకొండేళ్ళ మా అబ్బాయి తాత కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తుంటే, బంధువొకాయన "మగపిల్లోడివి, ఏందిరా ఆ ఏడుపు?" అన్నాడు. పక్కనే వున్న నేను ఏమీ అనలేదు. నా కళ్ళు కండువాతో తుడుచుకుని గట్టివాడిలా నిలబడ్డాను. వాడు నా మొహం చూశాడు. ఏడుపు ఆపేశాడు.

ఈ చిత్రం చూసిన రాత్రి అదంతా జ్ఞాపకం వచ్చి నిద్ర పట్టలేదు. ఆల్ఫా 60 చేసే పని ఆనాడు మా నట్టింట్లో నేను చేశాను. మర్నాడు వాణ్ణి పిలిచి, "ఆ రోజు నాకూ ఏడుపు వచ్చిందిరా, నీ ముందు దాచుకున్నాను" అన్నాను. వాడు కాసేపు నన్నే చూసి, "నాకు తెలుసు నాన్నా, కండువా తడిసింది గదా" అన్నాడు.

ఈసారి నేను కళ్ళు తుడుచుకోలేదు.