బెనిన్ పిక్కకీ మన ఉద్దానం బస్తాకీ సంబంధం ఏటి?

సీజన్లో పూండి కాడ జీడిపిక్కల బస్తా దించిన మా పెదనాన్న "రేటు ఇంత పడిపోనాదేటి బాబూ?" అని అడిగాడు. యాపారి ఒకటే మాట అన్నాడు: "ఆఫ్రికా పిక్క దిగిపోయింది."

పెదనాన్నకి ఆఫ్రికా ఎక్కడుందో తెలీదు. ఆయన బస్తా రేటులో మాత్రం ఆఫ్రికా ఉంది. ఎలాగో చెప్తాను, తమ్ముళ్లూ చెల్లెళ్లూ.

పలాస-కాశీబుగ్గ ఫ్యాక్టరీలు ఏడాదంతా నడవాలంటే మన తోటల పిక్క చాలదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చెట్లని కూల్చేశాక మరీ తగ్గింది. అందుకే ఓడల మీద పిక్క వస్తాది. రేవులో దాని మీద సర్కారు వేసే పన్నే దిగుమతి సుంకం. అది ఎంతో తేల్చేవి చాలామట్టుకు దేశాల మధ్య ఒప్పందాలే.

ప్రపంచ వాణిజ్య సంస్థ సూత్రం ఏటంటే, ఒక దేశానికి సుంకం తగ్గిస్తే సభ్య దేశాలన్నిటికీ తగ్గించాలి. దీనికి రెండు మినహాయింపులు ముఖ్యం.

ఒకటి, బాగా వెనకబడిన దేశాలకి విడిగా రాయితీ ఇవ్వొచ్చు. 2008 ఏప్రిల్లో ఢిల్లీలో జరిగిన భారత్-ఆఫ్రికా సదస్సులో మన్మోహన్ సింగ్ ప్రకటించిన పథకం అదే. అందులో జీడిపిక్క ఉంది. బెనిన్, టాంజానియా, మొజాంబిక్ ఆ కోవలోవే. ఐవరీ కోస్ట్ ఆ కోవలో లేదు, దానికి మామూలు సుంకమే. ఆ మామూలు సుంకాన్ని కూడా 2018 బడ్జెట్లో 5 శాతం నుంచి 2.5కి దించారు.

రెండు, స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం. వియత్నాం ఉన్న ఆసియాన్ కూటమితో మనం 2009లో సంతకం పెట్టాం, 2010 జనవరి 1న అమలైంది. దాంట్లో ఒక షరతు ఉంది: రాయితీ కావాలంటే సరుకు విలువలో కనీసం 35 శాతం అక్కడే పుట్టాలి. లేకపోతే ఆఫ్రికా పిక్కని ఒలిచి "మాదే" అని పంపేయొచ్చు కదా!

ఇక ఒలిచిన పప్పు మీద మామూలు సుంకాన్ని 2019 జులైలో 45 నుంచి 70 శాతానికి పెంచారు. అంటే పిక్కకి తలుపు తీశారు, పప్పుకి మూశారు. ఫ్యాక్టరీకి మేలు, అక్కడ పప్పు ఒలిచే మన అక్కచెల్లెళ్లకి పని. మరి పిక్క పండించే రైతుకో? ఏ తలుపూ అడ్డు లేదు.

పిక్క దిగుమతి ఆపేయమని నేను అనను. ఆపితే మా ఇంటి ఆడోళ్లకే కూలి పోతాది. కానీ కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో జీడి లేదు. 80 కిలోల బస్తాకి 16 వేలు కావాలని రైతులు రోడ్డెక్కింది అందుకే. తలుపు తీసిన సర్కారే ఆ ధరకి పూచీ పడాలి.

రేపు ఇంకో దేశంతో ఒప్పందం అని వార్త వస్తే స్క్రోల్ చేసి వదిలేయకండి. అందులో పిక్క ఉందా, పప్పు ఉందా, సుంకం ఎంత అని చూడండి. మన ఎంపీని అడగండి. సంతకం ఢిల్లీలో పడినా, రేటు పడేది పూండిలోనే.