పరుగు మెరుగైందా? గడియారం ఒక్కటే చెప్పలేదు!

హాఫ్‌ మారథాన్‌కు సిద్ధమయ్యేవారి సంఖ్య పెరుగుతోంది. నలభై, యాభై దాటినవారూ తెల్లవారకముందే బూట్లు తొడుక్కుంటున్నారు. మొదటిసారి 2 గంటల 50 నిమిషాలు పడితే, మరుసటిసారి రెండున్నర గంటల్లో ముగించాలనుకుంటారు. లక్ష్యం మంచిదే. కానీ చేతి గడియారంలో కనిపించే ఆ ఒక్క అంకెనే నమ్ముకుంటే ఇబ్బందే. బాగా మెరుగైనా 'నా వల్ల కావటం లేదు' అనుకుని మానేసేవారు కొందరు. శరీరం వద్దంటున్నా వినకుండా పరుగెత్తి ఆస్పత్రి పాలయ్యేవారు మరికొందరు. అందుకే పరుగుతో పాటు దాన్ని లెక్కగట్టటమూ నేర్చుకోవాలి.

ఎంత దూరం? ఎంత సమయం?

హాఫ్‌ మారథాన్‌ అంటే 21.0975 కిలోమీటర్లు. 1908 లండన్‌ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన 42.195 కిలోమీటర్ల దూరమే తర్వాత మారథాన్‌కు ప్రమాణమైంది. ఇది అందులో సరిగ్గా సగం. మనకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే, కె.గంగవరం మండలంలోని కోటిపల్లి నుంచి కాకినాడకు రైలు మార్గం దాదాపు 45 కిలోమీటర్లు. అందులో సగానికి కాస్త తక్కువ దూరాన్ని కాళ్ల మీద దాటాలన్నమాట.

కిలోమీటరుకు 8 నిమిషాల చొప్పున వెళ్తే సుమారు 2 గంటల 49 నిమిషాలు పడుతుంది. 7 నిమిషాల చొప్పున అయితే 2 గంటల 28 నిమిషాలు. మన దేశానికి చెందిన అవినాశ్‌ సాబ్లే 2020లో ఢిల్లీలో దీన్ని గంటా 30 సెకన్లలో పూర్తిచేశారు. ఆయన వేగం కిలోమీటరుకు 3 నిమిషాల కన్నా తక్కువే. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువుల మధ్య వీలు చూసుకుని పరుగెత్తేవారికి అది కొలమానం కాదు. పక్కింటాయన సమయమూ కాదు. పోల్చుకోవాల్సింది మన పాత లెక్కతోనే. అయితే ఆ పోలికా సరిగా ఉండాలి.

జనవరిని మేతో పోల్చొద్దు

ఉదాహరణకు ఒకరు జనవరిలో పొగమంచు వేళ 5 కిలోమీటర్లను 37 నిమిషాల్లో పూర్తిచేశారనుకుందాం. నాలుగు నెలలు క్రమం తప్పకుండా సాధన చేశాక మే నెలలో అదే దారిలో 39 నిమిషాలు పట్టింది. ఆయన వెనకబడినట్టేనా? కాకపోవచ్చు.

పరుగెత్తేటప్పుడు గుండె కండరాలకు రక్తం పంపాలి. ఒంట్లో పుట్టిన వేడిని బయటకు పంపటానికి చర్మానికీ పంపాలి. కోనసీమ ఉక్కపోతలో గాలిలో తేమ ఎక్కువ. చెమట కారుతుందే గానీ తొందరగా ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. అందుకే అదే వేగానికి వేసవిలో గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. శరీరం వేడికి అలవాటు పడటానికి సుమారు 10-14 రోజులు పడుతుంది. అలవాటు పడ్డాకా చలికాలపు వేగం రాకపోవచ్చు. కాబట్టి ఈ మే లెక్కను నిరుటి మే లెక్కతోనే పోల్చుకోవాలి.

ఊరు మారినా ఇంతే. మన డెల్టా రోడ్లు చదునుగా ఉంటాయి. ఆగస్టులో జరిగే హైదరాబాద్‌ మారథాన్‌లో ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు ఎక్కువ. విశాఖలో నౌకాదళం నిర్వహించే పరుగు సముద్రతీరం వెంబడి సాగుతుంది. ఒకచోటి సమయాన్ని మరోచోట ఆశించటం సరికాదు. జీపీఎస్‌ గడియారమూ దూరాన్ని కాస్త అటూ ఇటూగా చూపిస్తుంది. 21.1కి బదులు 21.4 చూపిస్తే కంగారు పడొద్దు. పోటీ దూరాన్ని మలుపుల్లో అతి దగ్గరి దారి వెంబడి కొలుస్తారు. జనం మధ్య మనం అలా పరుగెత్తలేం.

నోట్‌బుక్‌లో రాసుకోవాల్సినవి

ఖరీదైన గడియారం లేకున్నా ఫర్వాలేదు. ఒక నోట్‌బుక్కు, సెకన్ల ముల్లున్న గడియారం చాలు.

*పొద్దుటి నాడి:* నిద్ర లేవగానే, మంచం దిగకముందే నిమిషం పాటు నాడి చూసుకోండి. నెలలు గడిచేకొద్దీ ఇది తగ్గుతూ వస్తే గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతోందని అర్థం. ఎప్పుడూ ఉండేదాని కన్నా ఒక రోజు 8-10 దెబ్బలు పెరిగితే అలసట తీరలేదనో, జ్వరం వచ్చేలా ఉందనో అనుమానించాలి. ఆ రోజు విశ్రాంతి తీసుకోండి.

*అదే దారి, అదే వేగం:* వారానికోసారి ఒకే కాలువ గట్టు మీదో, కిలోమీటరు రాళ్లున్న ఒకే రోడ్డు మీదో, ఒకే వేళలో, ఒకే వేగంతో పరుగెత్తండి. ఆగిన వెంటనే నాడి లెక్కించండి. మూడు నెలల క్రితం 158 ఉన్నది ఇప్పుడు 146 ఉంటే, సమయం మారకపోయినా మీరు మెరుగుపడినట్టే. అన్నింటికన్నా నమ్మదగిన లెక్క ఇదే.

*శ్రమ మార్కు:* పరుగు ఎంత కష్టమనిపించిందో పదికి మార్కులు వేసుకోండి. మాట్లాడుతూ పరుగెత్తగలిగితే 3-4. రెండు మాటలకు మించి పలకలేకపోతే 8. వారంలో ఎక్కువ పరుగులు 3-4 మార్కుల్లోనే ఉండాలి. కొత్తవారు చేసే పెద్ద పొరపాటు రోజూ 7-8 దగ్గర పరుగెత్తటమే.

*నిద్ర, ఎండ, నొప్పి:* ఒక్కో మాట రాస్తే చాలు. 'ఐదు గంటల నిద్ర, ఉక్క, ఎడమ మడమ నొప్పి' అని రాసి ఉంటే ఆ రోజు వేగం ఎందుకు తగ్గిందో తర్వాత తెలుస్తుంది.

*12 నిమిషాల పరీక్ష:* అమెరికా వైద్యుడు కెన్నెత్‌ కూపర్‌ 1968లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. 12 నిమిషాల్లో ఎంత దూరం వెళ్లగలరో చూడటమే. ఆరు వారాలకోసారి చాలు. పూర్తి శక్తితో చేసే పరీక్ష కాబట్టి కొత్తవారు, గుండె జబ్బు ముప్పున్నవారు డాక్టర్‌ అనుమతి లేకుండా చేయకూడదు.

10 కిలోమీటర్ల సమయం తెలిస్తే దాన్ని 2.2తో హెచ్చవేయండి. హాఫ్‌ మారథాన్‌కు పట్టే సమయం ఉజ్జాయింపుగా వస్తుంది. 70 నిమిషాలు పట్టేవారికి సుమారు 2 గంటల 34 నిమిషాలు. అయితే పొడవాటి పరుగులు సాధన చేసినవారికే ఈ లెక్క సరిపోతుంది.

ఊపిరి ముందు, ఎముక తర్వాత

శరీరంలో అన్నీ ఒకేసారి బలపడవు. మొదటి రెండు మూడు వారాల్లోనే రక్తంలోని ద్రవభాగం పెరిగి ఆయాసం తగ్గుతుంది. కండరాల్లో సూక్ష్మ రక్తనాళాలు పెరగటానికి వారాలు, నెలలు కావాలి. కండరాలను ఎముకలకు పట్టి ఉంచే కండర బంధనాలు, ఎముకలు ఇంకా నెమ్మదిగా గట్టిపడతాయి. 'ఇప్పుడు ఆయాసం లేదు కదా' అని దూరాన్ని ఒక్కసారిగా పెంచేవారికి మడమ, ముంగాలు నొప్పులు వచ్చేది అందుకే. దూరాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, మూడు నాలుగు వారాలకోసారి తగ్గించి పరుగెత్తటం మేలు.

పరుగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయన్న భయం చాలామందికి ఉంటుంది. 2017లో ప్రచురితమైన ఒక సమగ్ర పరిశీలనలో సరదాకు, ఆరోగ్యానికి పరుగెత్తేవారిలో తుంటి, మోకాలి కీళ్లవాతం 3.5 శాతం మందిలో కనిపించింది. కదలకుండా కూర్చునేవారిలో ఇది 10.2 శాతం. పోటీల స్థాయిలో పరుగెత్తేవారిలో 13.3 శాతం. పరుగే కీళ్లను కాపాడుతుందని దీన్నిబట్టి గట్టిగా చెప్పలేం గానీ, మితంగా పరుగెత్తితే కీళ్లు చెడిపోతాయన్న భయం మాత్రం అక్కర్లేదు.

ముందు ఈ పరీక్షలు

నలభై దాటినవారు, అధిక రక్తపోటు, మధుమేహం, పొగ తాగే అలవాటు ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు సాధన మొదలుపెట్టే ముందే డాక్టర్‌ను కలవాలి. ఈసీజీ, అవసరమైతే ట్రెడ్‌మిల్‌ పరీక్ష చేస్తారు.

రక్తపోటుకు బీటా బ్లాకర్‌ రకం మాత్రలు వేసుకునేవారికి గుండె వేగం అంతగా పెరగదు. నాడి తక్కువ ఉందని ఇంకా గట్టిగా పరుగెత్తటం ప్రమాదం. వీరు శ్రమ మార్కునే నమ్ముకోవాలి. ఇన్సులిన్‌, కొన్ని రకాల మధుమేహ మాత్రలు వాడేవారికి పరుగులో గ్లూకోజు పడిపోవచ్చు. జేబులో చక్కెరో, గ్లూకోజు బిళ్లలో ఉంచుకోవాలి. ఇంటికి రాగానే పాదాలు పరీక్షించుకోవాలి.

మహిళలు మరో విషయం గమనించాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఎంత సాధన చేసినా వేగం పెరగకపోతే, చిన్న దూరానికే ఆయాసం వస్తుంటే హిమోగ్లోబిన్‌ పరీక్ష చేయించుకోవాలి.

కొబ్బరి నీళ్లు చాలవా?

కోనసీమలో కొబ్బరి బొండాలకు కొదవ లేదు. అయితే కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో ప్రధానంగా పోయేది సోడియమే. గంటన్నరకు మించిన పరుగుల్లో ఓఆర్‌ఎస్‌గానీ, ఉప్పేసిన పల్చటి మజ్జిగగానీ తోడుండాలి. రక్తపోటు, కిడ్నీ సమస్యలున్నవారు డాక్టర్‌ సలహా తీసుకోవాలి.

పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు నీరు పోయినట్టు. బరువు పెరిగితే అవసరానికి మించి తాగారని అర్థం. ఇదీ ప్రమాదమే. 2002 బోస్టన్‌ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉన్నట్టు తేలింది. పరుగులో బరువు పెరగటమే దీనికి ముఖ్య సంకేతంగా కనిపించింది. దాహం మేరకే తాగాలి.

వెంటనే ఆగాల్సిన వేళ

ఛాతీలో బిగుతు, దవడకో చేతికో పాకే నొప్పి, గుండె దడ, కళ్లు తిరగటం వంటివి కనిపిస్తే సమయం ఎంత బాగున్నా ఆగిపోవాలి. వెంటనే 108కు ఫోన్‌ చేయాలి. ఎండలో పరుగెత్తుతున్న మనిషి తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, ఒంటి నిండా చల్లటి నీళ్లు పోస్తూ విసరాలి. అంబులెన్సు వచ్చేదాకా చల్లబరచటం ఆపకూడదు.

జ్వరం ఉన్నప్పుడు, తగ్గిన వెంటనే పరుగు వద్దు. చీకట్లో వెళ్తే వాహనాలకు ఎదురుగా, లేత రంగు దుస్తులతో పరుగెత్తండి.

ఈ సంక్రాంతికి నడక, నెమ్మది పరుగులతో మొదలుపెట్టినవారు వచ్చే సంక్రాంతికి 21 కిలోమీటర్ల పరుగుకు సిద్ధం కావచ్చు. ఆ రోజు సమయం ఎంత వచ్చినా, ఇంటికి వచ్చాక నోట్‌బుక్‌లో మొదటి పేజీ తీసి పొద్దుటి నాడి ఎంత ఉండేదో ఒకసారి చూసుకోండి.