పసివాడా... ప్రతినాయకుడా?

'కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు?' 2015 జులైలో మొదలై 2017 ఏప్రిల్ దాకా మనల్ని ఊరించిన ప్రశ్న ఇది. అచ్చం అలాంటిదే మరో ప్రశ్న ప్రపంచవ్యాప్తంగా వీడియో గేమ్ ప్రియులను రెండేళ్లకు పైగా వేధించింది. 'మికెల్లాను ఎత్తుకెళ్లిన మోగ్ నిజంగానే దుర్మార్గుడా?' అన్నదే ఆ ప్రశ్న. చివరికి దొరికిన జవాబు ఆడినవాళ్లందర్నీ తమ చేతులవంక తామే చూసుకునేలా చేసింది.

ఇంట్లో ఇంజినీరింగ్ చదివే కుర్రాడో, ఉద్యోగం చేసే అమ్మాయో ఉంటే 'ఎల్డెన్ రింగ్' పేరు మీ చెవిన పడే ఉంటుంది. జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ 2022 ఫిబ్రవరి 25న విడుదల చేసిన ఆట అది. ఆ ఏడాది 'ద గేమ్ అవార్డ్స్'లో ఉత్తమ ఆటగా నిలిచింది. ఇప్పటివరకూ 3 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. నేపథ్యంలో ఉన్న పురాణాన్ని రాసిపెట్టింది 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' రచయిత జార్జ్ ఆర్.ఆర్.మార్టిన్. చీకటి, రక్తం, శాపాలు నిండిన ఆట కాబట్టి అమెరికాలో దీనికి 17 ఏళ్లు నిండినవారికే అన్న రేటింగ్ ఇచ్చారు. చిన్నపిల్లలున్న తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అన్నట్టు, ఆట ఇంకా పూర్తి చేయనివాళ్లు ఎవరైనా ఈ పేజీ చదువుతుంటే ఇక్కడితో ఆపేయడం మంచిది. ముగింపు తెలిసిపోతుంది!

కత్తి వెనకాల కథ

మామూలుగా ఆటల్లో విలన్ ఎవరో మొదటి పది నిమిషాల్లోనే చెప్పేస్తారు. రాకుమారిని ఎత్తుకెళ్లిన రాక్షసుడో, లోకాన్ని నాశనం చేయాలనుకునే మాంత్రికుడో ఉంటాడు. వెళ్లి చంపడమే మన పని. ఎల్డెన్ రింగ్‌లో అలా కాదు. కథను ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. దారిలో దొరికిన కత్తి, ఉంగరం, చినిగిన అంగీ... ఇలా ప్రతి వస్తువుకూ నాలుగైదు వాక్యాల వివరణ ఉంటుంది. కథంతా ఆ వాక్యాల్లో చెదిరిపోయి ఉంటుంది. విగ్రహం ఏ దిక్కుకు తిరిగి ఉంది, శవం ఎవరి ఇంటి ముందు పడి ఉంది అన్నవి కూడా ఆధారాలే. వాటన్నిటినీ పోగేసి, ముడిపెట్టి, 'జరిగింది ఇదీ' అని చెప్పుకోవాల్సింది ఆడేవాళ్లే. అలా పుట్టేవే అభిమానుల థియరీలు. వీటిని విడమరిచి చెప్పడానికే యూట్యూబ్‌లో ప్రత్యేకంగా ఛానళ్లున్నాయి.

ఈ పద్ధతికి మూలం దర్శకుడు హిడెటాకా మియజాకి బాల్యంలో ఉంది. షిజువొకాలో పుట్టిన ఆయనది పేద కుటుంబం. పుస్తకాలు కొనుక్కునే స్తోమత లేక గ్రంథాలయం నుంచి తెచ్చుకునేవాడు. వాటిలో కొన్ని వయసుకు మించినవి, ఇంగ్లిషువి. అర్థంకాని పేజీలు వచ్చినప్పుడు బొమ్మలు చూసి మధ్యలో ఏం జరిగి ఉంటుందో తనే అల్లుకునేవాడు. పెద్దయ్యాక ఒరాకిల్‌లో ఉద్యోగం చేసి, 29 ఏళ్ల వయసులో జీతం తగ్గినా ఫర్వాలేదనుకుని 2004లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్‌లో చేరాడు. పదేళ్లు తిరిగేసరికి ఆ సంస్థకు అధ్యక్షుడయ్యాడు. 'డీమన్స్ సోల్స్', 'డార్క్ సోల్స్', 'బ్లడ్‌బోర్న్'... ఆయన తీర్చిదిద్దిన ఆటలన్నిట్లోనూ కథకు కావాలనే వదిలేసిన ఖాళీలు కనిపిస్తాయి. చిన్నప్పుడు తను పూరించుకున్న ఖాళీల్ని ఇప్పుడు కోట్లమందికి పంచుతున్నాడన్నమాట.

నేరస్తుడు దొరికాడు!

ఇక అసలు కథకు వద్దాం. మారికా అనే రాణి ఉంది. ఆ లోకానికి దేవత కూడా ఆమే. ఆమెకు ఇద్దరు భర్తలు. మొదటి భర్త వల్ల పుట్టిన కవలల్లో ఒకడు మోగ్. పుట్టుకతోనే ఒంటినిండా కొమ్ములు. అది అశుభమని పసిగుడ్డుగా ఉన్నప్పుడే రాజధాని కిందున్న మురుగు సొరంగాల్లో పడేశారు. రెండో భర్త వల్ల మళ్లీ కవలలు - మికెల్లా, మలేనియా. వీళ్లకీ శాపాలే. అన్న మికెల్లా ఎన్నేళ్లు గడిచినా పసివాడిగానే ఉండిపోతాడు. చెల్లెలు మలేనియా ఒళ్లు పుట్టినప్పట్నుంచీ కుళ్లిపోతూనే ఉంటుంది. (ఆ రెండో భర్త అసలు ఎవరన్నది ఇంకో పెద్ద చిక్కుముడి. దాని జోలికి ఇప్పుడు వెళ్లొద్దు.)

మికెల్లా గురించి తెలిసేదంతా మంచే. చెల్లెలి జబ్బును అదుపులో పెట్టడానికి స్వచ్ఛమైన బంగారంతో సూది తయారు చేశాడు. లోకం వెలివేసినవాళ్లందరికీ నీడ కావాలని తన రక్తం పోసి ఓ చెట్టును పెంచాడు. ఆ చెట్టు తొర్రలోనే నిద్రలోకి జారుకున్నాడు. అలా నిద్రపోతున్న పిల్లాణ్ని పెకలించి తీసుకుపోయాడు మోగ్. పాతాళంలో నెత్తుటి కోట కట్టుకుని, ఆ పిల్లాణ్ని దేవుణ్ని చేసి, పక్కన తాను ప్రభువై ఏలాలని కలలు కన్నాడు. ఆటగాడు వెళ్లేసరికి అక్కడ ఓ పెద్ద గూడు, అందులోంచి వేలాడుతున్న ఎండిపోయిన చెయ్యి, దానిముందు నిలబడి మాట్లాడుతున్న మోగ్.

ఇంకేం కావాలి? పసిపిల్లాణ్ని ఎత్తుకెళ్లినవాణ్ని మించిన విలన్ ఎవరుంటారు! ఆట మొత్తంలో అందరూ అసహ్యించుకున్న పాత్ర మోగ్. అతణ్ని చంపినందుకు బాధపడినవారెవరూ ఉండరు.

ఓ చిన్న కొమ్మ

కొద్దిమందికి మాత్రం ఎక్కడో తేడా కొట్టింది. ఆటలో 'సమ్మోహన కొమ్మ' అనదగ్గ వస్తువు ఒకటుంది. దాంతో పొడిస్తే శత్రువు కాసేపు మన పక్షాన పోరాడతాడు. దాని వివరణలో మికెల్లా ప్రస్తావన ఉంది. అతణ్ని చాలామంది ప్రేమిస్తారని, ఆ ప్రేమను బలవంతంగా రాబట్టడం అతడికి బాగా తెలుసని దాని సారాంశం. మలేనియాకు సంబంధించిన మరో వస్తువు వివరణలో ఆమె స్వయంగా తన అన్న అందరికంటే భయంకరుడని అంటుంది. అదీ గర్వంగా!

ఈ రెండు తీగలూ పట్టుకుని వాళ్లు డొంకంతా కదిపారు. 'మోగ్ పిల్లాణ్ని ఎత్తుకెళ్లలేదు. ఆ పిల్లాడే మోగ్ మీద సమ్మోహనాస్త్రం వేసి తనను ఎత్తుకెళ్లేలా చేసుకున్నాడు' అన్నది వాళ్ల వాదన. మొదట్లో చాలామంది ఒప్పుకోలేదు. నేరం చేసినవాణ్ని వదిలేసి బాధితుడి మీద నింద వేస్తారా అని కోప్పడ్డారు. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు.

కథకు కొనసాగింపుగా 'షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ' అనే అదనపు భాగం వస్తోందని, అది మికెల్లా గురించేనని తెలిశాక వాదన వేడెక్కింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ట్రైలర్‌లో ఓ గొంతు, ప్రేమనే ఆయుధంగా వాడి మనుషుల గుండెల్ని కడిగేసేవాడి కంటే భయంకరమైంది మరోటి లేదన్నట్టు మాట్లాడింది. అన్నిటికన్నా విచిత్రం మరోటుంది. ఆ భాగంలోకి అడుగుపెట్టాలంటే ముందు ఇద్దర్ని చంపి ఉండాలని షరతు పెట్టారు. ఒకడు మోగ్. సరే, గూడు అతడి దగ్గరే ఉంది కాబట్టి అర్థముంది. రెండోవాడు రాడాన్. అతడెందుకు?

రాడాన్ మికెల్లాకు సవతి అన్న, మహావీరుడు. బక్కచిక్కిన తన గుర్రం మీద ఎప్పటికీ స్వారీ చేయగలగాలని, దానికి తన బరువు తెలియకుండా ఉండేందుకు భూమ్యాకర్షణను అదుపు చేసే మంత్రవిద్య నేర్చుకున్నవాడు. మలేనియాతో యుద్ధంలో ఆమె కుళ్లు అంటుకుని మతి చెడి, శవాలు పీక్కుతినే స్థితికి దిగజారాడు. ఆయనకు గౌరవంగా వీరమరణం ఇవ్వాలని సైనికులే ఉత్సవం చేసి యోధుల్ని పిలుస్తారు. చూస్తే గుండె బరువెక్కే ఘట్టం అది. అతడికీ మికెల్లాకూ ఉన్న సంబంధమేంటో ఎవరికీ అంతుచిక్కలేదు.

పావు కదిలింది

2024 జూన్ 21న జవాబొచ్చింది. సమ్మోహన వాదులే గెలిచారు. అన్స్‌బాక్ అనే వృద్ధ యోధుడు ఒకప్పుడు మోగ్ సేవకుడు. ప్రభువును మికెల్లా మాయ నుంచి విడిపించాలని ఎదురెళ్లి, చివరికి తానే ఆ మాయకు లొంగిపోయినవాడు. మాయ వీడాక అతడే అంతా చెబుతాడు. అంతకన్నా పెద్ద పిడుగు ఓ పాత పత్రంలో ఉంది. దేవుడు రావాలంటే ప్రభువు కావాలి. ఆ ప్రభువు ఆత్మకు ఓ దేహం కావాలి. మికెల్లా ఎంచుకున్న ప్రభువు రాడాన్. దేహం మోగ్‌ది.

అంటే రాడాన్ చావాలి, ఆత్మ బయటికి రావాలి. మోగ్ చావాలి, దేహం దొరకాలి. ఆ రెండు హత్యలూ ఎవరు చేశారు? ఆటగాడే! పసివాణ్ని కాపాడుతున్నాననీ, పిచ్చెక్కిన వీరుడికి విముక్తినిస్తున్నాననీ అనుకుంటూ చేసిన పనులు. రెండేళ్లపాటు విలన్ ఎవరని వాదించుకున్నవాళ్లంతా, ఆ పన్నాగంలో తామూ పావులేనని తెలుసుకున్నారు. ఇంత దెబ్బ వేరే ఏ మాధ్యమం కొట్టగలదు? సినిమాలో కత్తి పట్టుకునేది కట్టప్ప. ఇక్కడ పట్టుకున్నది మనమే.

సరే, మికెల్లాయే విలన్ అనేసి పుస్తకం మూసేద్దామా? అదీ కుదరదు. అతడు కోరింది తన భోగం కాదు. పగలు, ద్వేషాలు లేని చల్లటి లోకం. మాయ ఉన్నంతసేపూ అతడి అనుచరులంతా - పగతో రగిలిపోయేవాడూ, శత్రు పక్షం మనిషీ - ఒకే దారిలో స్నేహంగా నడిచారు. మాయ వీడగానే ఒకరిమీద ఒకరు కత్తులు దూసుకున్నారు. మరి ఏది మేలు? బలవంతపు శాంతా, సొంత ఇష్టంతో కొట్టుకు చావడమా? ఈ ప్రశ్న దగ్గర అభిమానులు ఇప్పటికీ రెండు వర్గాలే.

నా ఓటు మాత్రం ట్రినాకు. దేవుడయ్యే దారిలో మికెల్లా తనలోని ఒక్కొక్కటీ వదిలేస్తూ పోతాడు. ఒళ్లు, కన్ను, చెయ్యి... చివరికి తన ప్రేమను కూడా. ఆ వదిలేసిన ప్రేమే ట్రినా. లోతైన గోతిలో వాడిపోతున్న ఆమె మనల్ని అడిగేది ఒక్కటే - దైవత్వం అతడికి చెరసాల అవుతుంది, అతణ్ని చంపి క్షమాభిక్ష పెట్టమని. ప్రేమను పారేసుకున్నవాడు ప్రేమతో లోకాన్ని ఎలా ఏలతాడు? రాక్షసుణ్ని తిట్టడం తేలికే కానీ ఇలాంటి విలన్‌ని తిట్టాలంటే నోరు రాదు.

తుస్సుమన్నవీ ఉన్నాయి

అన్ని ఊహలూ ఇలా ఫలించాయనుకునేరు. మికెల్లా చనిపోయిన తన అన్న గాడ్విన్‌ని బతికిస్తాడని పందేలు కాసినవాళ్లు ఎందరో. అతడు రానేలేదు. పాత్రల పేర్లన్నీ జి, ఆర్, ఎమ్ అక్షరాలతోనే మొదలవుతున్నాయి కాబట్టి మార్టిన్ తన పేరును దాచిపెట్టాడని కొందరు కనిపెట్టారు. ఆట పెట్టె మీదే నా పేరుండగా ఇంక దాచడం ఎందుకని ఆయన నవ్వి కొట్టిపారేశాడు. 2011 నాటి 'డార్క్ సోల్స్'లో అయితే మరీ అన్యాయం. మొదట ఎంచుకోదగ్గ వస్తువుల్లో ఓ లాకెట్టు ఉంది. ఏ ప్రయోజనమూ లేదని దానిమీదే రాసి ఉంది. నేనైతే అదే తీసుకుంటానని మియజాకి ఓ ఇంటర్వ్యూలో అన్నాడు. ఇంకేముంది, దాని రహస్యం కోసం జనం ఆ లోకమంతా గాలించారు. సరదాకి అన్నానని మర్నాటి ఏడాది ఆయన చావుకబురు చల్లగా చెప్పాడు!

ఇక తేలని లెక్కల్లో పెద్దది రాడాన్‌దే. మలేనియా యుద్ధంలో అతడి చెవిలో ఏదో చెప్పిందని, మికెల్లా నీ కోసం ఎదురుచూస్తున్నాడన్నదే ఆ మాటని అదనపు భాగంలో తెలుస్తుంది. మరి అన్నదమ్ముల మధ్య ఒప్పందం ముందే జరిగిందా? జరిగితే రాడాన్ యుద్ధం ఎందుకు చేశాడు? లేదంటే అతడూ మోగ్‌లాగే మాయలో పడ్డాడా? ఆఖరి పోరు ముగిశాక ఓ పాత జ్ఞాపకం తెరమీద మెరుస్తుంది. పసి మికెల్లా అన్న ముందు నిలబడి, నేను దేవుణ్నవుతాను, నువ్వు నా ప్రభువుగా ఉంటానని మాటివ్వమని అడుగుతాడు. దృశ్యం అక్కడితో అయిపోతుంది. రాడాన్ ఏమన్నాడో వినిపించదు.