అద్దకపువాని అచ్చులో యోబు వ్యాఖ్యానం

ఐరోపాలో అచ్చుయంత్రం ఇంకా పసితనం వీడని రోజులవి. 1477లో, ఎస్తే వంశీయుల ఏలుబడిలోని ఇటలీ నగరం ఫెరారాలో ఒక హీబ్రూ గ్రంథం వెలువడింది. అది బైబిలులోని యోబు గ్రంథానికి లేవీ బెన్ గెర్షోమ్ రచించిన వ్యాఖ్యానం. ముద్రించినవాడు పెసారో వాసి అబ్రహాం బెన్ హయ్యీమ్. ఆయన ఇంటిపేరుకు 'అద్దకపువారు' అని అర్థం. గుడ్డలకు రంగువేసే వృత్తిని తెలిపే ఆ పేరు కాగితానికి సిరా పూసే వృత్తిలో చిరస్థాయిగా నిలిచింది.

నిరపరాధి అయిన యోబు సంతానాన్ని, సంపదను, ఆరోగ్యాన్ని పోగొట్టుకొని బూడిదలో కూర్చుంటాడు. ఓదార్చవచ్చిన మిత్రులు, నీవేదో పాపం చేసి ఉంటావని వాదిస్తారు. (పరామర్శ పేరిట నేరం మోపే మిత్రులు ఏ దేశంలో లేరు గనుక!)

దక్షిణ ఫ్రాన్సులోని ప్రొవెన్సు ప్రాంతంలో జీవించిన లేవీ (1288–1344) గణితవేత్త, ఖగోళజ్ఞుడు, తాత్త్వికుడు. నక్షత్రాల నడిమి కోణాన్ని కొలిచే కర్రసాధనాన్ని ఆయన వర్ణించాడు. 'యాకోబు దండం' పేరిట నావికులు దానిని శతాబ్దాలపాటు వాడుకున్నారు. యోబు దుఃఖాన్ని కూడా ఆయన కొలతకారుని కంటితోనే చూశాడు. 1325లో ముగించిన ఈ వ్యాఖ్యలో మొదట పదాలకు అర్థం చెప్పి, ఆపై సంభాషణల సారాన్ని విడమరుస్తాడు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు, యోబు ఆయన దృష్టిలో కేవలం పాత్రలు కారు. దైవరక్షణను గురించి ఒక్కొక్కరిది ఒక్కొక్క సిద్ధాంతం. చివర నోరు విప్పిన చిన్నవాడు ఎలీహు పలికినదే సరియైనదని లేవీ తీర్పు. మానవుని బుద్ధి ఎంత పరిపక్వమైతే దైవరక్షణ అతనికి అంత దగ్గరవుతుందట.

ఈ సమాధానం తర్కానికి నిలిచేదే కావచ్చు. కాని బిడ్డలను పోగొట్టుకున్న తండ్రికి అది ఎంత ఊరట? బుద్ధి పరిపక్వం కాని సామాన్యుని గోడు ఎవరు వినాలి? సంప్రదాయవాదులు ఊరుకోలేదు. 'ప్రభువు యుద్ధాలు' అన్న ఆయన తాత్త్విక గ్రంథాన్ని 'ప్రభువుపై యుద్ధాలు' అని ఎద్దేవా చేసిన వారున్నారు.

అబ్రహాం 1482లో బొలోన్యాలో స్వరచిహ్నాలతో ధర్మశాస్త్ర పంచకాన్ని అచ్చొత్తాడు. 1488లో సొంచీనోలో వెలువడిన తొలి సంపూర్ణ హీబ్రూ బైబిలు ముద్రణలోనూ ఆయన చేయి ఉంది.

1501కి పూర్వం అచ్చయిన హీబ్రూ గ్రంథాలలో నేడు మనకు తెలిసినవి సుమారు 140 మాత్రమే. బహిష్కారాలు, 1553లో రోములో తాల్ముదు ప్రతుల దహనం వంటి విపత్తులు ఆనాటి పుస్తకసంపదను హరించాయి. 1475లో రెజ్జో కలాబ్రియాలో వెలువడిన, తేదీ గల తొలి హీబ్రూ ముద్రిత గ్రంథానికి పార్మా నగరంలో ఒకే ఒక ప్రతి మిగిలింది. ఫెరారా యోబు ఆ మేరకు అదృష్టవంతుడు; అరుదుగానైనా, ఒకటికి మించిన ప్రతులు గ్రంథాలయాలలో పదిలంగా ఉన్నాయి.