షిఫ్టు మారినా గోలీ మానొద్దు

కాసిపేట గనిలో పనిచేసే మనిషి టైం వారానికోసారి మారుతుంది. ఓ వారం పొద్దున షిఫ్టు, ఇంకో వారం మధ్యాహ్నం, ఆ తర్వాత నైట్. తిండి, నిద్ర, బంధువుల పెళ్లిళ్లు అన్నీ దాని వెంటే నడవాలి. మంచిర్యాల జిల్లాలోని ఈ మండలంలో ఒకవైపు సింగరేణి బాయి, మరోవైపు దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ ఉన్నాయి. షిఫ్టంటే ఏమిటో ఇక్కడ బడిపిల్లలకూ తెలుసు. హెచ్‌ఐవీ మందుల గురించి చెప్పేవాళ్లు మాత్రం ‘రోజూ ఒకే టైంకి వేసుకోవాలి’ అని ఒక్క మాటతో సరిపెడతారు. మూడు షిఫ్టులు కలిస్తే ఇరవై నాలుగు గంటలు. అన్ని వారాల్లోనూ ఇంటిపట్టునే ఉండే గంటంటూ గని కార్మికుడికి ఒక్కటీ మిగలదు. మరి ఏ టైంకి వేసుకోవాలి?

లెక్క వేసి చూస్తే దారి దొరుకుతుంది. పొద్దున ఏడు అటూ ఇటూ మంచి టైం. మొదటి షిఫ్టు వారంలో డ్యూటీకి బయల్దేరే ముందు, రెండో షిఫ్టు వారంలో ఇంట్లో చాయ్ తాగాక, నైట్ వారంలో బాయి నుంచి ఇల్లు చేరగానే వేసుకోవచ్చు. మొత్తం మీద తేడా ఒకటి రెండు గంటలే. ఇప్పుడిస్తున్న మందుకు ఆ మాత్రం తేడాతో ఇబ్బంది లేదు. పైగా ఈ మందు కొందరికి నిద్ర పట్టనివ్వదు కాబట్టి పొద్దున వేసుకోవడమే వాళ్లకు నయం. ఎప్పుడైనా మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. మర్నాటి గోలీ టైం దగ్గర పడితే పోయినదాన్ని వదిలేయాలి. రెండూ కలిపి మింగకూడదు. షిఫ్టు అయ్యాక ఓవర్‌టైం పడేలా ఉంటే ఒక్క గోలీ జేబులో పెట్టుకుపోతే సరి, డబ్బా మొత్తం మోయనక్కర్లేదు.

ఈ మందును ఆస్పత్రిలో టీఎల్‌డీ అంటారు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులు ఒకే గోలీలో ఉంటాయి. రోజుకు ఒకటే. మన దేశంలో ప్రభుత్వం హెచ్‌ఐవీని అణచి ఉంచే ఏఆర్‌టీ చికిత్సను ఉచితంగా 2004 ఏప్రిల్ 1న మొదలుపెట్టింది. అప్పట్లో రోగాలతో పోరాడే సీడీ4 కణాలు బాగా పడిపోయిన వాళ్లకే మందులు మొదలుపెట్టేవారు. 2017 నుంచి ఆ కణాల సంఖ్యతో పని లేకుండా, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందులు ఇస్తున్నారు. తొలినాళ్లలో వాడిన స్టావుడిన్ అనే మందు వల్ల చెంపలు లోపలికి పోయేవి, కాళ్లు తిమ్మిర్లెక్కేవి. ‘మందులు వాడితే ముఖం చూసి కనిపెడతారు’ అనే భయం కాలనీల్లో ఇప్పటికీ వినిపిస్తుందంటే ఆ పాత మొహాల జ్ఞాపకమే కారణం. స్టావుడిన్ వాడకం ఎప్పుడో ఆగిపోయింది. భయం మాత్రం పోలేదు.

మరో సంగతి ఈ ప్రాంతంలో చాలామందికి తెలియదు. 2017 సెప్టెంబరులో ఇదే టీఎల్‌డీని ఏడాదికి మనిషికి 75 డాలర్ల ప్రాంతంలో పేద దేశాలకు అమ్మేందుకు అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. అందులో చేరిన రెండు కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన అరబిందో ఫార్మా ఒకటి. ఆఫ్రికాలో ఒక గని కార్మికుడు మింగే గోలీ తెలంగాణలో తయారైనదే కావచ్చు.

ఇక ఏఆర్‌టీ సెంటర్‌కు పోయే రోజు సంగతి. హెచ్‌ఐవీ పరీక్షలు చేసే ఐసీటీసీలో ఒకటికి మూడు పరీక్షలు చేసి పాజిటివ్ అని ఖాయం చేసుకున్నాకే ఏఆర్‌టీ సెంటర్‌కు పంపుతారు. అక్కడ రక్తం తీసి సీడీ4, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, హెపటైటిస్, షుగర్ చూస్తారు. బరువు రాసుకుంటారు. ఆ తర్వాత కౌన్సెలర్ దగ్గర కూర్చోవాలి. అసలు పని జరిగేది అక్కడే, కానీ ఆ గదిలోంచి వీలైనంత తొందరగా బయటపడాలనే చూస్తారు ఎక్కువమంది. పోయిన నెల డబ్బాను మిగిలిన గోలీలతో సహా తీసుకుపోవాలి. “ఎన్ని మిగిలినయి అన్నా?” అని అడిగి లెక్క పెడతారు. అది తప్పు పట్టడానికి చేసే లెక్క కాదు. గోలీలు మానేసి కూడా అన్నీ వేసుకున్నానని చెబితే, వైరస్ పెరిగినప్పుడు మందే పనిచేయట్లేదేమోనని డాక్టరు అనుకునే ప్రమాదం ఉంది. నెలకు ఒకటి రెండు గోలీలు మించి పోతే అప్పటికే గీత దాటినట్టు. అలా పోతే పోయాయని చెప్పడమే మంచిది. నైట్ షిఫ్టులో పోయాయా, ఇంట్లో చుట్టాలు దిగితే పోయాయా అన్నది తెలిస్తేనే కౌన్సెలర్ ఉపాయం చెప్పగలరు.

చుట్టాల సంగతి చిన్నదేం కాదు. క్వార్టర్లు ఇరుకు, గోడలు పలచన. డబ్బా కదిపితే గోలీల చప్పుడు పక్కింటికి వినిపిస్తుందని దూది కుక్కేవాళ్లున్నారు. లేబుల్ గీకేసి పప్పు డబ్బాల వెనక దాచేవాళ్లూ ఉన్నారు. దాచుకోవడం తప్పేమీ కాదు. కానీ గోలీలను కాగితంలో పొట్లం కట్టి వంటింట్లో పెడితే తేమకు పాడవుతాయి. మూత గట్టిగా బిగిసే డబ్బాలోనే ఉంచాలి.

మందులు మొదలుపెట్టిన ఆరు నెలలకు, మళ్లీ ఏడాదికి, ఆ తర్వాత ఏటా ఒకసారి రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష చేస్తారు. సెంటర్‌కు పోయినప్పుడు అడిగి తెలుసుకోవాల్సిన మొదటి సంఖ్య ఇదే. వెయ్యి దాటితే ముందు మూడు నెలలు గోలీలు ఒక్కటీ పోకుండా వేసుకోమని చెప్పి మళ్లీ పరీక్ష చేస్తారు, ఆ తర్వాతే మందు మార్చే మాట. వైరస్ కనిపించనంత తగ్గిపోతే లైంగికంగా భార్యకో భర్తకో అంటుకోదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చిచెప్పింది. ‘కనిపించలేదు’ అన్న మాటను కొందరు ‘నెగెటివ్ అయ్యింది, తగ్గిపోయింది’ అని అర్థం చేసుకుని మానేస్తారు. మానేసిన కొన్ని వారాల్లోనే వైరస్ తిరిగి పైకి లేస్తుంది.

బొగ్గు ప్రాంతంలో అన్నిటికంటే మోసం చేసేది దగ్గు. బాయిలో దిగేవాడు దగ్గితే ఇంట్లో ఎవరూ పట్టించుకోరు, దుమ్ము దగ్గే అనుకుంటారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను ఎక్కువగా పొట్టన పెట్టుకునేది మాత్రం టీబీ. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో రాతి దుమ్ము, టీబీ, హెచ్‌ఐవీ మూడూ కలిసి కార్మికులను ఏళ్ల తరబడి తినేశాయి. ఆంగ్లో అమెరికన్ అనే గనుల కంపెనీ 2002లో తన ఉద్యోగులకు ఉచితంగా హెచ్‌ఐవీ మందులు ఇస్తామని ప్రకటించింది ఆ నేపథ్యంలోనే. టీబీ ముప్పు వల్లే సెంటర్‌కు పోయిన ప్రతిసారీ దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయా అని నాలుగు ప్రశ్నలు అడుగుతారు. ఒక్కదానికైనా అవునని చెబితే పరీక్షలు చేస్తారు. దుమ్ము దగ్గో కాదో తేల్చాల్సింది పరీక్షలే. టీబీ లేదని తేలితే అది రాకుండా కొన్ని నెలల కోర్సు గోలీలు ఇస్తారు. టీబీ ఉంటే, దానికి వాడే రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది. పన్నెండు గంటల తేడాతో డోలుటెగ్రావిర్ ఇంకో గోలీ అదనంగా వేసుకోవాల్సి వస్తుంది. కాబట్టి టీబీ మందులు వేరే ఆస్పత్రిలో మొదలుపెడితే ఆ సంగతి ఏఆర్‌టీ సెంటర్‌లో చెప్పి తీరాలి.

మెడికల్ షాపులో సొంతంగా కొనే మందులతోనూ ఇలాంటి చిక్కే. కడుపుమంటకు తాగే యాంటాసిడ్ టానిక్, కాల్షియం, ఐరన్ గోలీలు డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. హెచ్‌ఐవీ గోలీ వేసుకున్న రెండు గంటల తర్వాత వీటిని తీసుకోవచ్చు. ముందే తీసుకుంటే ఆరు గంటలు ఆగాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు డోసు తగ్గించాల్సి రావచ్చు. ఫిట్స్ మందులు కొన్ని అసలు పొసగవు. ఆర్‌ఎంపీ దగ్గరైనా, కంపెనీ ఆస్పత్రిలోనైనా ఏ మందు రాసినా ఆ చీటీని ఏఆర్‌టీ డాక్టరుకు చూపించాలి.

ఉద్యోగం మాటేమిటి? గని కార్మికులను నిజంగా నిద్ర పోనివ్వని ప్రశ్న ఇదే. అన్‌ఫిట్ చేస్తారేమోనని మందులే మొదలుపెట్టని వాళ్లుంటారు. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఈ విషయంలో సూటిగా ఉంది. పాజిటివ్ అన్న ఒక్క కారణంతో ఉద్యోగంలో వివక్ష చూపకూడదు. తెలిసి ఇచ్చిన అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, పేరు బయటపెట్టకూడదు. వందమంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి. ఆస్పత్రుల విషయంలో ఇరవైమంది ఉంటే చాలు. సూపర్‌వైజర్‌కో యూనియన్ నాయకుడికో చెప్పుకోవాలన్న నిర్బంధమేమీ లేదు. ఇంట్లో భార్యకో భర్తకో చెప్పి పరీక్ష చేయించడం వేరే సంగతి. ఇద్దరిలో ఒకరు నెగెటివ్ అయితే కాపాడుకోవచ్చు. గర్భిణి అయితే మొదటి నెలల నుంచే మందులు వాడి, పుట్టిన బిడ్డకు సిరప్ ఇచ్చి, ఆరు వారాలకు పరీక్ష చేస్తారు. ఇలా పాజిటివ్ తల్లులకు నెగెటివ్ బిడ్డలు పుట్టడం ఇప్పుడు మామూలే.

2021 అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 0.21 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంటే తెలంగాణలో అది 0.47 శాతం. రెండింతలకు పైమాటే. ఇంతమంది బాధితులున్న ఈ రాష్ట్రంలో 2014లో ఆసరా పింఛన్లు మొదలైనప్పుడు హెచ్‌ఐవీ బాధితులనూ చేర్చారు. వెయ్యి రూపాయల పింఛను 2019లో 2016 రూపాయలైంది. అర్హత, కాగితాల సంగతి గ్రామంలో కంటే సెంటర్‌లోని కౌన్సెలర్‌నే అడిగితే గుట్టుగా అయిపోతుంది.

తెలిసినవాళ్లు కనిపిస్తారని దగ్గరి సెంటర్‌ను వదిలి దూరం పోయేవాళ్లు ఉన్నారు. పోవచ్చు, కానీ మస్టర్ పోతుంది, బస్సు ఛార్జీలవుతాయి, రెండుసార్లు తప్పితే మందులూ తప్పుతాయి. ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్లకు మూడు నెలల మందులు ఒకేసారి ఇచ్చే ఏర్పాటుంది, అడగాలి. ఇంటికి దగ్గరున్న సెంటర్ ఏదో హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేస్తే చెబుతారు. రిటైరై పిల్లల దగ్గరికి హైదరాబాద్ వెళ్లేవాళ్లు ముందే ట్రాన్స్‌ఫర్ కాగితం తీసుకుంటే అక్కడి సెంటర్‌లో చికిత్స ఆగకుండా సాగుతుంది. మేడారం జాతరకో, కూతురి కాన్పుకో పోయి చిక్కుకుపోతే, చికిత్స పుస్తకం చేతిలో ఉంటే దగ్గరి ఏఆర్‌టీ సెంటర్‌లోనే కొద్ది రోజులకు మందులు అడిగి తీసుకోవచ్చు. ఆ పుస్తకం పేజీల ఫొటో ఒకటి ఫోన్‌లో ఉంచుకుంటే ఇంకా మంచిది.